సొంత మాట కలపని మనిషి

కదిరి బస్టాండుకు ఎదురుగా ఉన్న టీ అంగట్లో టీవీ పొద్దున మొదలైతే ఆగదు. మొన్న మధ్యాహ్నం నేను టీ తాగుతుంటే దాంట్లో ఆయన కనబడ్డాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, నుదుట పొడుగు బొట్టు, బుగ్గల మీదికి తిప్పిన మీసం. వెనకాల కొడవళ్లు పట్టుకున్న గుంపు. ఆయన నోరు తెరిచాడు. గొంతు మాత్రం ఆయనది కాదు. సీమలో ఎన్నడూ కాలు పెట్టని మనిషెవరో మా యాసను నమిలి నమిలి అరుస్తున్నాడు.

పక్కన కూర్చున్న ఆటో డ్రైవరు, "ఈయప్ప మన పక్కోడే గదా? ఈ మధ్యనే పోయినాడంట" అన్నాడు.

అవునన్నాను.

"ఏం గొంతప్పా!" అన్నాడతను మెచ్చుకోలుగా.

కాదని చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్తే చాలా చెప్పాలి. టీ సగంలోనే వదిలి లేచి వచ్చేశాను.

ఆయన గొంతు చిన్నది. కొంచెం బొంగురు. తాడిపత్రిలో బండలకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి పనిచేసి రాతిపొడి మింగిన గొంతు. బస్సులో దగ్గేవాడు, రిహార్సల్లో దగ్గేవాడు, తెర పక్కన నిలబడి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకొని దగ్గేవాడు. తెర లేచి వెలుగులోకి అడుగు పెట్టాడంటే మాత్రం మళ్లీ లోపలికి వచ్చేదాకా ఒక్క దగ్గు ఉండేది కాదు. ఎట్లా ఆపుతావన్నా అని నేనొకసారి అడిగాను.

"నేను ఆపేదేముండాది బాషా. దగ్గు నాకు గానీ వానికి లేదు గదా" అన్నాడు. వాడంటే ఆయన వేసే వేషం.

నేను వాచీలు బాగుచేసేవాణ్ణి. మా నాయన పెట్టిన అంగడే ఇప్పటికీ నడుపుతున్నాను. వయసులో ఉన్నప్పుడు నాటకాల పిచ్చి ఉండేది గానీ నలుగురి ముందు నిలబడితే కాళ్లు వణికేవి. అందుకని ప్రాంప్టరునయ్యాను. తెర చాటున పుస్తకం పట్టుకొని నిలబడి, ఎవరైనా మాట మరిచిపోతే మెల్లగా అందించే పని. అందరికీ అందించాను. ఆయనకు మాత్రం ఒక్కసారి కూడా అవసరం పడలేదు.

ఆదివారం ఆయన తాడిపత్రి నుంచి వచ్చాడంటే ఇద్దరం ఇదే బస్టాండులో కూర్చొని ఉగ్గాని, బజ్జీ తినేవాళ్లం. ఆయన తినేది తక్కువ. కళ్లు జనం మీద ఉండేవి. సంచి భుజం మార్చుకునే ముసలాయన, మొగుడికి రెండడుగులు ముందు నడిచే ఆడమనిషి, బస్సు తప్పిపోయినా పరుగెత్తకుండా నిలబడిపోయిన మనిషి. "చూడు బాషా, వాడు ఇంటికి పోవడానికి ఇష్టంలేక నిలబడినాడు" అనేవాడు. అంటూనే కూర్చున్నచోట ఆయన భుజాలు కూడా ఆ మనిషి భుజాల్లాగే జారిపోయేవి. ఎగతాళి ఉండేది కాదు దాంట్లో. దప్పికైనవాడు నీళ్లు తాగినట్టు చూసేవాడు మనుషుల్ని.

ఆయనకు ఒకటే కోపం. రాసినదాంట్లో లేని మాట, ఆ పాత్ర అనని మాట, చప్పట్ల కోసం ఎవరన్నా కలిపితే ఊరుకునేవాడు కాదు. ఒకసారి పోలీసు వేషం వేసిన కుర్రాడు జనం ఈలలు వేస్తున్నారని రెండు ముక్కలు సొంతంగా చేర్చాడు. లోపలికి రాగానే ఈయన వాడి చొక్కా పట్టుకున్నాడు.

"ఆ మాట యెవురిది?"

"నాదే అన్నా. బాగ పేలింది గదా?"

"నీ మాట నీ ఇంట్లో చెప్పుకో. వాడు అనని మాట వాని నోట్లో పెట్టేదానికి నువ్వెవుడు?"

కుర్రాడు ఆ రోజే నాటకాలు మానేశాడు. మాకందరికీ ఆయనంటే కొంచెం భయంగా ఉండేది. చెడ్డవాడి వేషాలే ఎక్కువ వేసేవాడు గానీ, వాడు చెడ్డవాడు అని మేమంటే ఒప్పుకునేవాడు కాదు. వాని లెక్క వానికుంటాది, అది తెలుసుకోకుండా వేషం కట్టకూడదు అనేవాడు.

ఆ పట్టుదలే ఆయన్ను ఊరు దాటించింది.

మా బడిపంతులొకాయన బోరుబావుల మీద ఒక నాటకం రాశాడు. ఒక పెద్ద రైతు పక్క పొలం గట్టునే లోతుగా బోరు వేయిస్తాడు. చిన్న రైతు బావి ఎండిపోతుంది. అడగడానికి వచ్చిన ఆ చిన్న రైతును పెద్ద రైతు ఏం చేశాడన్నది కథ. పెద్ద రైతు వేషం ఆయనది. కదిరిలో ఆడాం, బాగా ఆడింది. తర్వాత వజ్రకరూరు దగ్గర ఒక ఊళ్లో తిరునాళ్లకు పిలిచారు.

ఆ ఊరి చుట్టుపక్కల ఒకాయన మాటే చెల్లుతుంది. జనం పెద్దాయన అంటారు. నేనూ అట్లాగే అంటాను. ఆ సాయంత్రం ముందు వరసలో కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. ఆయన కూర్చున్నాడని మాకు ముందే తెలుసు. మాకు తెలియంది ఇంకొకటి.

నాటకంలో పెద్ద రైతు తీర్పు చెప్పే చోట, ఈయన చెంబు అడిగి ఒక్క గుక్క తాగి, మిగతా నీళ్లు పక్కన నేలమీద విసిరికొట్టాడు. తర్వాతే మాట చెప్పాడు. కదిరిలో కూడా అట్లాగే చేశాడు, అక్కడ జనానికి అది ఉత్త చేష్ట. ఇక్కడ ఒక్కసారిగా గుసగుసలు లేచాయి. వెనక ఎవరో నవ్వారు. ఆ నవ్వు పాకింది. చటుక్కున ఆగిపోయింది. పెద్దాయన లేచి, తువ్వాలు దులుపుకొని వెళ్లిపోయాడు. ఆయనతో వచ్చినవాళ్లూ లేచారు. ఖాళీ కుర్చీల ముందు నాటకం పూర్తి చేశాం.

"ఆయన్ను యాడ చూసినావన్నా?" అని అడిగాను లోపలికి వచ్చాక.

"గుంతకల్లులో ఒక పెండ్లిలో. పంచాయితీ చెప్తాండాడు. ఎవరో యేందో నాకు తెల్దు బాషా. నీళ్లు పారబోసింది మాత్రం మర్చిపోలేకపోయినా."

మమ్మల్ని ఊరి బళ్లో పడుకోబెట్టారు. పొద్దున్నే జీపు వచ్చింది. నడిపే మనిషి దిగకుండానే అడిగాడు.

"ఆ ఏసగాడు యెవురప్పా? పెద్దాయన రమ్మంటాండాడు."

ఈయన చొక్కా వేసుకొని బయటికి వచ్చాడు. నేనూ వెనకే వెళ్లాను.

"నువ్వెవురు?" అన్నాడు జీపు మనిషి.

"చాటునుంచి మాటలు అందించేవాన్ని."

"అయితే నువ్వూ ఎక్కు. ఆ మాటలు యాడనుంచి వచ్చినాయో అడగాల్నంట."

జీపు చేల మధ్య పోయింది. ఆ ఏడు శెనక్కాయ భూమిలోనే మాడిపోయింది. కనుచూపు మేర ఎర్రమట్టి, మధ్యలో బోడి రాళ్లు. ఈయన దారి పొడుగునా దగ్గుతూనే ఉన్నాడు. పెద్దాయన ఇంటి గేటు దాటితే మాత్రం లోపలంతా పచ్చన. చీనీ, అదే బత్తాయి, చెట్ల మొదళ్లకు బోరు నీళ్లు పారుతున్నాయి.

పెద్దాయన బక్కమనిషి. అద్దాలు పెట్టుకొని వసారాలో కుర్చీలో కూర్చొని పేపరు చదువుతున్నాడు. తలవాకిట్లో ఆయన భార్య నిలబడి ఉంది. జీపు మనిషి గుంజకు ఆనుకొని నిలబడ్డాడు.

"రాండప్పా. టిఫిన్ చేసినారా?"

"ఇంగా లేదన్నా" అన్నాడీయన.

"చేద్దురు గానీ. ముందర చిన్న పనుండాది. నిన్న నేను మధ్యలో లేచి వచ్చినా. మా ఇంటామె నాటకం చూడనే లేదు. ఆమెకు చూపించు."

"ఒక్కన్నే ఎట్ల చేసేదన్నా. చిన్న రైతు వేసినాయప్ప లేడు."

"దానికేం. ఎదురుగా నేను నిలబడతా." పెద్దాయన పేపరు మడిచి లేచాడు. కుర్చీ చూపించాడు. "కూర్చో."

"అన్నా, అది నీ కుర్చీ."

"కూర్చోమంటాండా గదా."

ఈయన కూర్చున్నాడు. దగ్గు ఆగిపోయింది. దగ్గు ఆగిందంటే ఇక్కడున్నది ఆయన కాదు, వాడు.

పెద్దాయన మెట్టు దిగి, చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ముఖంలో నవ్వు లేదు, కోపం కూడా లేదు.

"కథ కొంచెం మారుస్తామప్పా. నేను రైతును గాదు, నాటకాలోన్ని. ఊరందరి ముందర నీ మాదిరి ఆడి నవ్వించినా. నీ మనుషులు నన్ను పట్టుకొచ్చి నీ ముందర నిలబెట్టినారు. ఇప్పుడు నన్ను ఏం జేస్తావో చెప్పు."

తప్పించుకోవడానికి ఎంత పెద్ద వాకిలి తెరిచి పెట్టాడో నాకు వెంటనే అర్థమైంది. పోనీలే, కళాకారుడు, విడిచిపెట్టండి అని ఆ కుర్చీలోంచి ఒక్క మాట అంటే చాలు. ఎవరికీ పరువు పోదు. టిఫిన్ తిని బస్సెక్కవచ్చు. ఈయన కళ్లు ఒక్కసారి నా మీదికి వచ్చాయి. "ఇడిసిపెట్టు, ఇడిసిపెట్టు" అని పెదవులతో చెప్పాను. ఆ కళ్లు నన్ను దాటుకొని పోయాయి.

ఎటూ చూడకుండా ఈయన కుడిచేయి పక్కకు చాపాడు. గుంజకు ఆనుకొని ఉన్న జీపు మనిషి గబుక్కున పోయి చెంబు తెచ్చి ఆ చేతిలో పెట్టాడు. పెట్టాక, ఎవరికి పెట్టాడో తెలిసి, నాలుగడుగులు వెనక్కి వేశాడు.

ఒక్క గుక్క తాగాడు. మిగతా నీళ్లు నేలమీద విసిరాడు. పెద్దాయన పాదాల మీద తుంపర పడింది. ఆయన కదలలేదు.

"ఈయప్పను ఏమీ చేయద్దండి," అన్నాడు. చిన్న గొంతు. తీరిగ్గా ఉంది. "కళ ఉండే మనిషి. టిఫిన్ పెట్టి పంపించండి."

నేను ఊపిరి వదిలాను.

"వాని కొడుకు యాడ చదువుతాండాడో కనుక్కోండి."

తలవాకిట్లో ఆడమనిషి చేయి ద్వారబంధాన్ని గట్టిగా పట్టుకుంది. పెద్దాయన అద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఆ మాట నీకు యెవురు చెప్పినారు?"

"యెవురూ చెప్పలేదన్నా. ఈడ కూర్చుంటే అదే వచ్చింది." ఈయన అప్పటికే కుర్చీలోంచి లేచాడు. దగ్గు మొదలైంది.

"నేను అట్ల అంటానా?"

పెద్దాయన జీపు మనిషి వైపు చూశాడు. అతను నేల చూశాడు. పెద్దాయన అద్దాలు పెట్టుకున్నాడు.

"టిఫిన్ పెట్టి పంపించండి" అన్నాడు.

ఆ మాట ఒక్కటే అన్నాడు. దాని తర్వాతి మాట అనలేదు. మా ముందు ఇడ్లీలు పెట్టారు. మింగుడుపడలేదు. ఆకులు మడిచి లేచి, రోడ్డు దాకా నడిచాం. జీపు మమ్మల్ని దింపడానికి రాలేదు.

బస్సు ఆగేచోట నీడ లేదు. ఈయన ఒక బండ మీద కూర్చొని, పేగులు బయటికి వచ్చేలా దగ్గాడు. దగ్గు తగ్గాక, "నువ్వు పెదవులు కదిలించింది చూసినా బాషా" అన్నాడు.

"మరి యాల అనలేదన్నా?"

"వాడు అనడు గదా."

చెప్పలేనంత కోపం వచ్చింది నాకు. ఏదో అనబోయేలోపు ఆయన ముఖం మారిపోయింది. అప్పటిదాకా కుర్చీలో వాడే ఉన్నాడు. ఇప్పుడు బండ మీద ఒక తండ్రి ఉన్నాడు.

"బాషా, నా కొడుకు అనంతపురంలో హాస్టల్లో ఉండాడు. నేనే దారి చూపించి వచ్చినా."

వచ్చిన మొదటి బస్సు ఎక్కి నేరుగా అనంతపురం పోయాం. హాస్టలు గేటు దగ్గర ఆగిన ప్రతి బండినీ చూస్తూ నేను బయట నిలబడ్డాను. ఆయన లోపలికి పోయి, వాళ్ల అవ్వకు బాగాలేదని వార్డెనుకు చెప్పి, కొడుకును తెచ్చుకున్నాడు. ఇంటికి కూడా పోలేదు. భార్యను స్టేషనుకు రమ్మన్నాడు. ఆమె తమ్ముడు హైదరాబాదులో సినిమా వాళ్ల సామాను వ్యాను నడిపేవాడు. ఆ సాయంత్రం రైల్లో ముగ్గురూ అతని దగ్గరికి పోయారు. ప్లాట్‌ఫారం మీద ఆమె అడిగిన మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"ఒక్క మాట మార్చి చెప్పలేకపోయినావా? బిడ్డ కంటే ఎక్కువా నీకు ఆ ఏసం?"

ఆయన తల వంచుకొని సంచులు ఎక్కించాడు.

సినిమాల మోజుతో ఆయన ఊరు వదిలాడని ఇక్కడ చాలామంది అనుకుంటారు. నిజం ఇది. వ్యాను దగ్గర నిలబడి ఉంటే ఎవరో ముఖం చూసి పిలిచి గుంపులో నిలబెట్టారు. తర్వాత మాటలున్న వేషాలు ఇచ్చారు. సీమ కథలు బాగా ఆడే కాలం. ముఖం ఆయనది, గొంతు ఇంకొకరిది. మీ గొంతులో దమ్ము లేదన్నారట. నాకు ఫోన్ చేసి నవ్వేవాడు, ఆ నవ్వు వినడానికి బాగుండేది కాదు.

"మన పక్క తొడ గొట్టి మాట్లాడేవాన్ని ఎప్పుడన్నా చూసినావా బాషా? అరిచేవానికి యెవుడు భయపడతాడు? చెప్తే వినరు. ఒక్కోసారి గుర్తొస్తాది, నీళ్లు పారబోసేది. దాన్ని మాత్రం వీళ్లకు ఇయ్యలేదు."

నిజంగానే ఇవ్వలేదు. ఏ సినిమాలోనూ చేయలేదు. ఈ జిల్లాలో మళ్లీ స్టేజీ ఎక్కలేదు. కొడుకును ఒంటరిగా ఎక్కడికీ పంపేవాడు కాదట. పెద్దవాడయ్యాక కూడా, పని నుంచి రావడం కొంచెం ఆలస్యమైతే వీధి చివర నిలబడేవాడట. ఎందుకో ఆ పిల్లవాడికి ఎన్నడూ చెప్పలేదు.

ఏళ్లు గడిచాయి. పెద్దాయన గుండె ఆగి పోయాడని పేపర్లో చదివాను. ఆ తర్వాత ఒకరోజు మా అంగడి ముందు కారు ఆగింది. తెల్లచీర కట్టుకున్న పెద్దామె లోపలికి వచ్చి, ఆడవాళ్ల వాచీ ఒకటి బల్ల మీద పెట్టింది. బ్యాటరీ మారుస్తుంటే నన్నే చూస్తూ ఉంది.

"నువ్వు ఆ పొద్దు నాటకాలాయనతో వచ్చినోనివి గదా?"

పట్టకారు బల్ల మీద పెట్టాను. అవునమ్మా అన్నాను.

"ఆయన కొడుకు బాగుండాడా?"

"బాగుండాడమ్మా. హైదరాబాదులో లిఫ్టులు బిగించే పని. పెండ్లి గూడా అయింది."

ఆమె స్టూలు మీద కూర్చుంది.

"మీరు గేటు దాటినారో లేదో, జీపోన్ని పిలిచి అదే మాట చెప్పినాడు మా ఆయన. ఆ ఏసగాడు చెప్పినట్లే. ఒక్క మాట గూడా మారలేదు. జీపు స్టార్ట్ జేసినాడు వాడు. నేను పోయి గేటుకు అడ్డం నిలబడినా. నా మీంద తోలుకొని పో అని చెప్పినా. మా ఆయన వసారాలోంచి చూస్తా ఉండాడు. లోపలికి పో అని కూడా అనలేదు. ఎంతసేపు నిలబడినానో నాకే తెల్దు. ఆఖరికి జీపోడే ఇంజను ఆపి, తాళాలు నా కాళ్ల దగ్గర పెట్టి పోయినాడు. మళ్ల పనిలోకి రాలేదు వాడు."

నేను వాచీ మూత బిగించి ఆమె ముందు పెట్టాను.

"అంతకు ముందు ఇంకొకాయన్ను గురించి అదే మాట అనంగ విన్నా," అంది ఆమె. "ఆపొద్దు నేను వంటింట్లో ఉండినా. బయటికి రాలేదు. ఆ పిల్లోడు తల్లిదండ్రుల దగ్గరికి తిరిగి పోలేదప్పా." వాచీ చేతికి పెట్టుకొని లేచింది. "ఆ ఏసగాడు ఆ మాట బయటికి అనకపోయింటే, ఈసారి కూడా నేను లోపలే ఉండేదాన్నేమో. ఆయనకు చెప్పు."

అప్పుడే తాడిపత్రి బండల క్వారీలో ఆయన సినిమా షూటింగు జరుగుతోంది. ఎన్నో ఏళ్ల తర్వాత జిల్లాలో కాలు పెట్టాడు. మరుసటి రోజే పోయాను. భోజనాల వేళ, గొడుగు కింద మీసం అంటించుకొని కూర్చొని ఉన్నాడు. మొత్తం చెప్పాను. ఆ ఇంకొకాయన కొడుకు సంగతి, జీపు సంగతి, గేటు సంగతి.

ఏడుస్తాడనుకున్నాను. ఊపిరి పీల్చుకుంటాడనుకున్నాను. పళ్లెం పక్కన పెట్టి, ముందుకు వంగాడు.

"గేటుకు ఎట్ల నిలబడింది? చేతులు చాపిందా, కట్టుకుందా?"

"అది చెప్పలేదన్నా."

"మొగుని పక్క తిరిగిందా, జీపు పక్క తిరిగిందా?"

"తెల్దన్నా."

అసిస్టెంటు వచ్చి షాట్ రెడీ అని పిలిచాడు, వినిపించుకోలేదు.

"ఆ పొద్దంతా ఆయన్నే చూసినా బాషా," అన్నాడు. "ఆయమ్మ ఆడనే, వాకిట్లోనే ఉండాది. ఒక్కసారన్నా తలెత్తి చూడలేదు. నా బిడ్డను కాపాడినామె మొఖం నాకు గుర్తు లేదు. నీకుండాదా?"

"ఉండాదన్నా."

"చెప్పు."

చెప్పాను. ద్వారబంధాన్ని పట్టుకున్న చేయి గురించి, నీళ్లు పారబోసినప్పుడు ఆమె కళ్లు మూసుకోవడం గురించి, నాకు గుర్తున్నదంతా చెప్పాను. చిన్నపిల్లవాడిలా విన్నాడు. తర్వాత పోయి కెమెరా ముందు తొడ కొట్టి అరిచాడు.

ఆఖరిసారి ఆయన్ను హైదరాబాదులో కొడుకు ఇంట్లో చూశాను. ఊపిరితిత్తులు పూర్తిగా పోయాయన్నారు. మంచం పక్కన ఆక్సిజన్ సిలిండరు ఉంది. ముక్కుకున్న గొట్టం తీసేసి, నన్ను తలుపు వేయమన్నాడు. మంచం పట్టుకొని లేచి నిలబడ్డాడు. వద్దన్నా వినలేదు. పమిట సర్దుకున్నట్టు తువ్వాలు భుజం మీద సర్దుకొని, తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. చేతులు చాపలేదు. కట్టుకోనూ లేదు. ఊరికే వదిలేశాడు. గడ్డం కొంచెం పైకెత్తాడు. నిలబడినంతసేపూ దగ్గలేదు.

మంచం మీద కూర్చున్నాక, మాట రావడానికి చాలాసేపు పట్టింది.

"వచ్చిందా బాషా?"

అబద్ధం చెప్పడం తేలిక. కాని అడిగింది ఆయన.

"లేదన్నా. ఆయమ్మ అంత ధైర్యంగా లేదు. భయపడతా నిలబడింటాది."

ఆయన కళ్లలో మెరుపు వచ్చింది. తృప్తిగా తల ఆడించాడు.

"అవును. నిజమే. భయం మర్చిపోయినా," అన్నాడు. "రేపు మళ్ల చేస్తా. నువ్వు ఉంటావు గదా?"

ఉంటానన్నాను.